ఎలుకల డాక్టరు కూతురి కన్ను

ఆయనకు ఎలుకల డాక్టరు అని పేరు పెట్టింది కింది వాటా బామ్మగారు. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. పై వాటాలో కొత్తగా దిగినాయన కళ్ల మీద పెద్ద చదువు చదివాడని ఎవరో చెబితే, తన శుక్లాల రిపోర్టులన్నీ సంచిలో వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆయన గుమ్మంలోనే చేతులు జోడించి, "నేను మందులిచ్చే డాక్టర్ని కాదండీ బామ్మగారూ. ఎలుకల కళ్ల మీద పరిశోధన చేస్తాను" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఎలుకలకి కళ్లజోళ్లు ఎవరు కొనిపెడతారు నాయనా" అని అడిగి, ఉసూరుమంటూ దిగిపోయింది. మర్నాటికల్లా బిల్డింగంతటికీ ఆయన ఎలుకల డాక్టరే.

అసలు ఆయన ఉద్యోగం పేరు పోస్ట్‌డాక్. అదేం ఉద్యోగమంటే చెప్పడం కష్టం. పీహెచ్‌డీ అయిపోతుంది, పేరు ముందు డాక్టరు చేరుతుంది, పక్కా ఉద్యోగం మాత్రం రాదు. ఈ రెంటికీ మధ్య వసారాలో చాప వేసుకుని కూర్చోవడమే పోస్ట్‌డాక్. ఎప్పటికైనా లోపలికి రమ్మంటారేమోనని తలుపు వైపు చూస్తూ ఉండాలి. రెండు మూడేళ్లకో కాంట్రాక్టు, అది అయిపోతే ఇంకో ఊరు, ఇంకో ల్యాబు, ఇంకో వసారా. ఈయన మూడో వసారాలో ఉన్నాడు. నెత్తి మీద జుట్టు పల్చబడింది. తోటివాళ్లలో తెలివైనవాళ్లు ఎప్పుడో సాఫ్ట్‌వేరు వైపు జారుకున్నారు. ఈయన జారుకోలేదు. పట్టుదల అనాలో మొండితనం అనాలో నాకైతే ఇప్పటికీ తేలలేదు.

ఆయన పనిచేసే గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపు సందుల్లోనూ నల్ల టేపు అతికించి ఉంటుంది. మధ్యలో బల్ల, బల్ల మీద మైక్రోస్కోపు, దాని కింద తల కదలకుండా బిగించిన ఎలుక, ఎలుక కాళ్ల కింద గాలిలో తేలుతూ తిరిగే థర్మోకోల్ బంతి. ఎలుక ఆ బంతి మీద పరిగెత్తుతూ ఎదుటి తెర మీద నల్ల చారలు, తెల్ల చారలు చూస్తుంటుంది. ఏ చారకు మెదడులో ఏ కణం వెలుగుతుందో ఈయన పక్క గదిలో కూర్చుని చూస్తుంటాడు. ఎలుకకు చూడటమే పని, ఈయనకు ఎలుక చూడటాన్ని చూడటం పని.

అంతకు ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. కళ్లు తెరిచి కొద్ది వారాలే అయిన ఎలుకపిల్లకు మత్తు ఇచ్చి, ఒక కంటి రెప్పలను సన్నటి దారంతో కుట్టేస్తాడు. కొన్నాళ్లు అలా ఉంచి కుట్లు విప్పుతాడు. కన్ను నిక్షేపంలా ఉంటుంది. గుడ్డు చెడదు, నరం చెడదు. చెడేదల్లా మెదడుకూ దానికీ ఉన్న పొత్తు. ఆ కొన్నాళ్లలో మెదడు ఆ కంటి మాట వినడం మానేసి ఉంటుంది. దాని వాటా కణాలన్నీ రెండో కంటి పంచన చేరిపోయి ఉంటాయి. పెద్ద ఎలుకకు ఇలా చేస్తే ఏమీ కాదు. పసితనంలోనే, అదీ ఒక గడువులోపే. గడువు దాటాక కన్ను తెరిచినా మెదడు దాన్ని మళ్లీ రానివ్వదు. రానిచ్చేలా చేయవచ్చా అన్నదే ఆయన ఇన్నేళ్లుగా పట్టుకు వేలాడుతున్న ప్రశ్న. కుట్టు వేయడంలో ఆయన చెయ్యి ఎంత సుతారమంటే, పక్క ల్యాబుల వాళ్లు కూడా బతిమాలి పిలిపించుకునేవారు.

భార్య మందుల షాపులో పనిచేసేది. ఊరు మారినప్పుడల్లా ఆవిడ ఉన్న షాపు మానేసి కొత్త షాపులో మళ్లీ అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టేది. "మీ ఎలుకలే నయమండీ, వాటికి బోను మారదు. మాకే మారుతోంది" అనేది. ఆయన నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, అందులో అబద్ధం లేదు కదా. వాళ్లకు ఒక్కతే కూతురు. గుండ్రటి మొహం, పొట్టి జడలు, నోరు తెరిస్తే ఆగదు. దాన్ని తండ్రి బుడంకాయ అని పిలిచేవాడు.

బడుల్లో ఏటా పిల్లల కళ్లు పరీక్ష చేస్తారు. బుడంకాయ మొదటి బడిలో ఆ పరీక్ష ఏడాది చివర్లో పెట్టేవారు, వీళ్లు మధ్యలోనే ఊరు మారారు. రెండో బడిలో పరీక్ష అయిపోయాక చేరింది. మరుసటి ఏడు పరీక్ష రోజున ఇంట్లో సామాన్లు సర్దుతున్నారు, పిల్లను బడికి పంపనే లేదు. మూడో బడిలో చిన్న తరగతుల వాళ్లకే చేస్తారు, ఇది అప్పటికే ఆ తరగతి దాటేసింది. పాత బడి వాళ్లు కొత్త బడిలో చేస్తారనుకున్నారు, కొత్త బడి వాళ్లు పాత బడిలో అయిపోయే ఉంటుందనుకున్నారు. ఎవరిని తిడతాం.

తల్లి మాత్రం గమనించింది. పిల్ల పుస్తకం చదివేటప్పుడు తల ఒక పక్కకు వాలుస్తోంది. ఎడమవైపు నుంచి వచ్చే బంతిని పట్టలేకపోతోంది. గ్లాసులో పోయాల్సిన నీళ్లు బల్ల మీద పోస్తోంది.

"ఒకసారి కళ్ల డాక్టరుకి చూపిద్దామండీ" అంది.

"ఎవరికి? నాకు చూపిస్తున్నావుగా" అని ఆయన నవ్వాడు.

ఆ సెలవు రోజున కూతుర్ని ల్యాబుకు తీసుకెళ్లి, ఎలుకల తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. చారలను సన్నం చేస్తూ, మసకబారుస్తూ పోయాడు. నిలువో అడ్డమో చెప్పమన్నాడు. బుడంకాయ తడుముకోకుండా చెప్పేసింది. ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి కూడా కనపడని చారలు దీనికి కనపడ్డాయి. తండ్రికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికొచ్చి, "గద్ద కళ్లు నీ కూతురివి. నీళ్లు ఒలకబోయడం కళ్ల జబ్బు కాదు, నీ పోలిక" అన్నాడు. భార్య కూడా నవ్వేసింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. వీళ్లు పెరటి చెట్టునే నమ్ముకున్నారు. ఒక కన్ను మూసి రెండో కంటితో చూడమనడం మాత్రం ఆయనకు తట్టలేదు. రోజూ ఎలుకపిల్లలకు ఒక్క కన్నే మూసే మనిషికి, కన్నకూతురి దగ్గర అదొక్కటే తట్టలేదు.

బుడంకాయకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా కుడికంటికి కురుపు లేచింది. పొద్దుటికి రెప్ప వాచి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. టిఫిను బల్ల దగ్గర చెంచా కోసం తడుముకుంటూ, "అమ్మా, ఇవాళ బడికెళ్లను. స్పేరు కన్నుతో బోర్డు కనపడదు" అంది.

బూట్ల లేసులు కట్టుకుంటున్న తండ్రి తలెత్తాడు. "స్పేరు కన్నేంటే?"

"ఇది, ఎడమది. బండికి స్పేరు టైరు ఉంటుంది కదా, అలాగ. అందరికీ ఒకటి చూసే కన్ను, ఒకటి స్పేరు కన్నూ ఉంటాయి కదా నాన్నా."

ఆయన ఒక బూటుతోనే లేచి వచ్చి, అక్కడున్న కథల పుస్తకం తీసి కాస్త దూరంగా పట్టుకున్నాడు. "ఇదేంటి?"

"పుస్తకం."

"పైన ఏం రాసుంది?"

"రాసుందా?" అంది బుడంకాయ.

ఆ తర్వాత ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఏ వయసులో ఎంత తిరిగొస్తుందో, ఎప్పటి నుంచి రాకుండా పోతుందో చూపించే గీతను ఎన్ని సభల్లో ఎన్నిసార్లు చూపించాడో ఆయనకే లెక్క లేదు. ఆ గీత కిందికి దిగేచోట కూతురు కూర్చుని ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఈయన ఆకుల మీద పీహెచ్‌డీ చేసి మరీ చేతులు కాల్చుకున్నాడు. భార్య ఆయన చేతిలోని పుస్తకం తీసుకుని బల్ల మీద పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

పిల్లల కళ్ల ఆస్పత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "రెండు కళ్ల పవరుకీ మధ్య బాగా తేడా ఉందండీ. ఎడమకన్ను పుట్టినప్పట్నించీ మసకే చూపిస్తుంటే మెదడు విసుగెత్తి దాన్ని వదిలేసింది. మెల్లకన్ను అయ్యుంటే ఎప్పుడో పట్టుకునేవాళ్లు, ఇది బయటికి తెలీదు. నాలుగైదేళ్ల వయసులో తెచ్చుంటే" అని ఆగి, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

"ఇదేనండీ" అన్నాడు.

"ఏది?"

"ఇదే. ఎలుకల్లో."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మిగతాదంతా భార్య వైపు తిరిగి చెప్పింది. అద్దాలు పెట్టాలి. బాగా ఉన్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, వదిలేసిన కంటితోనే చూడమని మెదడును ఒప్పించాలి. ఆలస్యమైంది కానీ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. ప్రతి నెలా తీసుకురావాలి, ఏం జరుగుతోందో చూసి మందు మార్చుకుంటూ పోవాలి, ఒక్క నెల కూడా తప్పకూడదు.

సరిగ్గా అప్పుడే ఆయనకు పక్కా ఉద్యోగం పిలుపు వచ్చింది. ఎక్కడో దూరంగా చిన్న ఊళ్లో ఒక సంస్థ. సొంత ల్యాబు, రిటైరయ్యేదాకా కదిలించరు. ఇక్కడి కాంట్రాక్టు వేసవితో సరి. ల్యాబు పెద్దాయన పక్కకు పిలిచి, "ఇది వదులుకుంటే నీ వయసుకి ఇంకోటి రాదయ్యా. కోపం తెచ్చుకోకు, నిజం చెబుతున్నా" అన్నాడు. కోపమెందుకు వస్తుంది, ఆ నిజం ఆయనకు రోజూ అద్దంలో కనపడుతూనే ఉంది.

"అక్కడ పిల్లల కళ్ల డాక్టరున్నారా?" అని అడిగింది భార్య.

"లేరు. చాలా దూరం వెళ్లాలి."

"మరింకేం ఆలోచిస్తున్నారు?"

"అది కాదు. ఆ కంటితో అక్షరాల పటంలో అయిదో లైను దాకా చదవగలిగిందనుకో, ఆ తర్వాత అద్దాలతోనే నిలబెట్టుకోవచ్చు. జవాబు చెప్పడానికి టైముంది. అప్పటికి అయిదో లైను వస్తే వెళ్దాం, రాకపోతే మానేస్తా. ఒట్టు."

ఆవిడ సరేనంది. ఆవిడకు కూడా షాపులు మారీ మారీ విసుగొచ్చింది. ఒక్కచోట ఉండి గోడకు మేకు కొట్టుకోవాలని ఉంది. ఈ మాటలన్నీ జరుగుతుంటే బుడంకాయ అక్కడే నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. పిల్లలు వినరనుకోవడం పెద్దవాళ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆయన అక్షరాల పటం ఒకటి ప్రింటు తీసుకొచ్చి నడవా చివర గోడకు అతికించాడు. పైన ఒక్కటే పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చిన్నవి. ఆదివారం పొద్దున్నే నడవా ఈ చివర బుడంకాయను నిలబెట్టి, కుడికంటికి పట్టీ వేసి చదివించేవాడు. మొదటి వారం పై అక్షరం ఒక్కటే చెప్పింది. కొన్ని వారాలకు రెండో లైను చెప్పింది. ఆయన దాన్ని ఎత్తుకుని నడవా అంతా గిరగిరా తిప్పాడు. ఆ ఇంట్లో నెలల తర్వాత విన్న నవ్వు అది. తర్వాత మూడో లైను వచ్చింది, నాలుగో లైను వచ్చింది. ఆయన కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీసుకున్నాడు. గీత ఎక్కుతోంది. ఎలుకల్లో ఎన్నేళ్లుగానో రాని గీత, ఇంట్లో వస్తోంది. గడువు దాటాక రాదని ఎవరన్నారు అనుకున్నాడు.

బడిలో దాన్ని ఒంటికన్ను రాక్షసి అన్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి అదే నవ్వుతూ చెప్పింది. తల్లి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

రెండో లైను వచ్చాక మొదటిసారి ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజే కొత్త ఊళ్లో ఆయన ఉపన్యాసం పడింది. "వచ్చే నెల చూపిద్దాంలే. నేను ఇంట్లో కొలుస్తూనే ఉన్నాను కదా" అన్నాడు. భార్య నమ్మింది. వచ్చే నెల ఇల్లు వెతకడానికి వెళ్లారు. అప్పటికే అయిదో లైనులో సగం వచ్చింది కాబట్టి ఈసారి ఆవిడే, "పోనీలెండి, వెళ్లే ముందు ఒకేసారి చూపిద్దాం" అంది. తర్వాతి ఆదివారం అయిదో లైను పూర్తయింది. ఆయన ఆస్పత్రికి ఫోన్ చేసి ఆ మాట చెప్పి, కొత్త ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టి పంపేశాడు. బామ్మగారికి స్వీట్లు ఇస్తే, "అయితే ఎలుకలన్నిటికీ నయమైనట్టే" అంది.

ప్రయాణం దగ్గరపడింది. ఇల్లంతా అట్టపెట్టెలు. బిల్డింగు వాళ్లు నోటీసు ఇచ్చి వెళ్లారు. సామాను హడావిడిలో మర్చిపోకుండా ఉండాలని భార్య దాన్ని నడవా గోడ మీద, టేపు ఉన్న చోటు చూసి, అక్షరాల పటం మీదే అతికించింది. అదీ అంతే సైజు తెల్ల కాగితం, పైన పెద్ద నల్ల అక్షరాలు. మర్నాడు ఆదివారం.

అలవాటు ప్రకారం ఆయన బుడంకాయను నడవా ఈ చివర నిలబెట్టాడు. వంగి పట్టీ అంచులు నొక్కి, ఎక్కడా సందు లేదని చూసుకున్నాడు. దాని మొహంలోకే చూస్తూ, "ఊఁ, కానివ్వు" అన్నాడు.

"గ" అంది బుడంకాయ. "ర, ప. ట, న, మ. ల, గ, స, ట." అలా అయిదో లైను చివరిదాకా, ఒక్క తప్పు లేకుండా.

"శెభాష్" అంటూ ఆయన గోడ వైపు తిరిగాడు. గోడ మీద, 'రేపు ట్యాంకు కడుగుతారు, నీళ్లు రావు' అని ఉంది.

ల్యాబులో ఆయన ఏనాడూ ఎలుకకు బొమ్మలు ఒకే వరుసలో చూపించలేదు. రోజూ వరుస మారుస్తాడు. మార్చకపోతే చూసి చెప్పిందో, గుర్తుపెట్టుకుని చెప్పిందో తేలదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదట చెప్పేది అదే. ఇంట్లో మటుకు అన్ని నెలలూ ఒకే పటం, ఒకే వరుస. అది ఎలుక కాదు కదా, కూతురు.

మోకాళ్ల మీద కూర్చుని పట్టీ తీశాడు. బుడంకాయ కుడికన్ను చికిలించి గోడ చూసింది. మొహం మాడిపోయింది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"రెండో లైను నిజంగానే కనిపించింది నాన్నా" అంది గబగబా. "ఒట్టు. అప్పుడు నువ్వు నన్నెత్తుకున్నావు చూడు, అప్పుడు. తర్వాత ఇంకేం రాలేదు. పట్టీ లేనప్పుడు వెళ్లి నేర్చుకున్నా. అయిదు వస్తేనే నీకు ఉద్యోగం అన్నావు కదా."

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. వచ్చి గోడ మీది నోటీసు చూసింది, కూతుర్ని చూసింది. "వాళ్లకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పండి" అంది. గొంతు పెంచలేదు. ఆయన అప్పుడే చేశాడు. అవతలి మనిషి మర్యాదగా విచారం తెలిపి, వరుసలో తర్వాత ఉన్నవాళ్లను పిలుస్తామని చెప్పాడు. పెట్టేయడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతటితో ఆయన వసారాల బతుకు కూడా ముగిసింది, లోపలికి పోకుండానే. ఆ క్షణాన ఆయనకు దాని గురించి ఏమీ అనిపించలేదు. ఇంట్లో కొలుస్తున్నానని చెప్పి పోగొట్టిన నెలలే కళ్ల ముందు తిరిగాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తన యంత్రంతో, తన అక్షరాలతో చూసింది. రెండో లైను దగ్గర ఆగింది. మళ్లీ చూసింది. ఇంకో పటం పెట్టి చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి కూర్చుంది.

"రెండో లైనులో ఆగిపోయిందని అప్పుడే తెలిస్తే గంటలు పెంచేదాన్ని, బాగున్న కంటిని మసకబార్చే చుక్కల మందు వేసేదాన్ని. అప్పటికింకా చూపు కొంచెం కదులుతోంది. ఇప్పుడు మొదలుపెడదాం, కాదనను. కానీ ఆశ పెట్టుకోకండి. ఈ కన్ను ఇంతే అనుకుని ఉండండి, ఆ రెండోదాన్ని జాగ్రత్తగా చూసుకోండి." కాగితాలు తిరగేసి, "ఇంట్లో అయిదో లైను దాకా చదివిందని ఫోన్లో చెప్పారు కదండీ. ఎవరు కొలిచారు?" అంది.

ఆయన చుక్కలు పెట్టుకున్న గీత కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. భార్య కిటికీ వైపు తిరిగింది. పరీక్ష కుర్చీలో కాళ్లాడిస్తూ కూర్చున్న బుడంకాయ ఇద్దరినీ ఒకసారి చూసి, తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మా నాన్న తప్పేం లేదు డాక్టరుగారూ" అంది. "నేనే చాలా బాగా బట్టీ పట్టాను."